సూది తర్వాత గంట

గంటసేపు కూర్చోవాలట. నీళ్లు తాగొచ్చు, వరండాలో నాలుగడుగులు వేయొచ్చు, కానీ గేటు దాటకూడదు, ఒళ్లు దురద పెట్టినా గొంతు పట్టేసినట్టున్నా వెంటనే పిలవాలి అని నర్సమ్మ రెండుసార్లు చెప్పింది. ముందు ముంజేతి మీద చర్మం కిందికి ఒక్క చుక్క ఎక్కించి, చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, అది ఎర్రబడలేదని నమ్మకం కుదిరాకే అసలు సూది వేసింది, ఈ తుంటికొకటి ఆ తుంటికొకటి. మందు పాలలా తెల్లగా ఉంది, నీళ్లు కలవని పాలంత చిక్కగా. అంత చిక్కనిది అంత సన్నటి సూదిలోంచి ఎలా దిగుతుందా అని చూస్తుంటే అటు చూడకమ్మా అంది. దిగింది. దిగుతున్నంతసేపూ లోపల ఎవరో గోలీని తొక్కి కూరుతున్నట్టుంది. ఇప్పుడు రెండు వైపులా నొప్పే కాబట్టి ఏ వైపు ఒరిగి కూర్చోవాలో తెలియక బెంచీ అంచు మీద కోడిలా ముడుచుకుని కూర్చున్నాను. గడియారం పదీ అయిదు. బెంచీకి ఆ కొసన అత్తయ్య. బస్సెక్కినప్పటినుంచి ఒక్క మాట లేదు. మా వీధిలో ఆమెను కోర్టమ్మ అంటారు, ఎవరి తగువులోనైనా అడక్కుండానే తీర్పు చెబుతుందని. అలాంటి మనిషి నోరు కట్టుకుని కూర్చుందంటే లోపల తీర్పు రాసుకుంటోందని అర్థం. నన్ను నమ్మి రాలేదు, కొడుకు పంపితే వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర అతను చెయ్యి కడుక్కుంటూ, రేపు నువ్వూ వెళ్లమ్మా, అక్కడ ఏం చెబుతారో నీ కోడల్ని నా ముందు కాదు నీ ముందు చెప్పమను, అన్నాడు. ఆమె నావంక చూసింది. నేను గిన్నెలు తీశాను.

ఎదురుగా కాలికి కట్టు కట్టించుకున్న పెద్దాయన, అవతల దగ్గుతున్న పిల్లతో ఒకావిడ, గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మలు. బొమ్మలో చేతులు చాలా శుభ్రంగా ఉన్నాయి, అలాంటి చేతుల్ని మళ్లీ కడగడం దేనికో. నా చేతులకు ఎప్పుడూ పాల వాసన. నేను పాలకేంద్రంలో పనిచేస్తాను, అయిదేళ్లయింది. పొద్దున్నా సాయంత్రం క్యాన్లు, బిందెలు, సీసాలు వరసగా వస్తాయి, ఒక్కొక్కళ్ల పాలలోంచి చిన్న గరిటెడు తీసి సీసాలో పోసి యంత్రం కింద పెడితే వెన్న ఎంతో అంకె పడుతుంది. కంటికి అన్ని పాలూ తెల్లనివే. మొదట్లో నేను మొహాలు చూసి చెప్పగలననుకునేదాన్ని, ఈవిడ నీళ్లు కలిపి ఉంటుంది, ఈయన కలపడు అని. ఏడాది తిరిగేసరికి ఆ పొగరు పోయింది. దొంగ మొహంవాడి పాలు వెన్నముద్దలు, పెద్దమనిషి పాలు కుళాయి నీళ్లు. అంకె తక్కువ వచ్చినప్పుడు పదిమందిలో చెప్పకూడదని మాకో పద్ధతి ఉంది, ఆ క్యాను పక్కకు పెట్టి, అందరూ వెళ్లాక పిలిచి చెబుతాం. పోయినవారం నర్సమ్మ కూడా అలాగే చేసింది. గర్భిణులందరి దగ్గరా రక్తం తీసుకుని, రెండోనాడు నన్నొక్కదాన్నే రమ్మని కబురు పెట్టి, గది తలుపు వేసింది. తలుపు వేస్తుంటేనే నాకు తెలిసిపోయింది, నా క్యాను పక్కకు పెట్టారని.

సిఫిలిస్ అంది. నాకు తెలియలేదు. సవాయి అనేవాళ్లమ్మా పెద్దవాళ్లు, సుఖవ్యాధి అంటారు, అంది. ఆ మాట తెలుసు. మగవాళ్లు నవ్వుతూ అనుకునే మాట అది, ఆడవాళ్లం వినబడనట్టు నడిచిపోయే మాట. దానికి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, నాకు పెళ్లయి ఆరేళ్లు, అందులో సుఖం ఎక్కడ జరిగిందో, ఏ పూట జరిగిందో వెతుక్కుంటే ఒక పట్టాన దొరకలేదు. సుఖం ఎవరిదో, వ్యాధి ఎవరిదో. ఏడుపొస్తుందేమోనని ఆగి చూశాను. రాలేదు. నేను కూర్చున్న కుర్చీ కాలొకటి పొట్టి, ఊగుతోంది, కింద మడిచిన అట్టముక్క పెడితే సరిపోతుందని అనుకున్నాను. నర్సమ్మ నెమ్మదిగా చెబుతోంది. నొప్పి ఉండదు, పుండు వచ్చినా తనంతట తనే మానిపోతుంది, మానిపోయిందనుకుంటాం, లోపల ఉండిపోతుంది, ఏళ్లు ఉండిపోతుంది, కడుపులో బిడ్డకు పాకుతుంది. అప్పుడు అడిగాను, ముందు పోయిన ఇద్దరూ? ఆమె పెన్ను కింద పెట్టింది. అప్పుడు పరీక్ష చేయలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేనమ్మా, అయ్యుండొచ్చు, అంది. ఆ మాటకు కుర్చీ ఊగడం ఆగింది. నేనే ఊపుతున్నానన్నమాట అంతసేపూ.

పదీ పదిహేను. దగ్గే పిల్లను లోపలికి పిలిచారు. గొంతు పట్టేసినట్టుందా అని మింగి చూసుకుంటే, పట్టలేదు, మళ్లీ మింగితే ఏమో, ఒకటే పనిగా మింగుతుంటే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. మొదటిది ఆరో నెలలో పోయింది. అది పిల్లో పిల్లాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పాలకేంద్రంలో నిలబడి నిలబడి కడుపు జారింది అని అత్తయ్య తీర్పు చెప్పింది, వీధంతా ఒప్పుకుంది, నేనూ ఒప్పుకున్నాను. నిలబడి చేసే పనే మరి. రెండోసారి కూర్చుని చేయడానికి స్టూలు అడిగి తెచ్చుకున్నాను, బరువు ఎత్తలేదు. ఏడో నెల దాకా ఎక్కడా చూపించుకోలేదు, ఎందుకంటే మొదటిసారి చూపించుకోబట్టే దిష్టి తగిలిందని ఇంకో తీర్పు ఉంది. చివరికి వెళ్తే, ఈసారి వచ్చినప్పుడు పరీక్షలన్నీ చేద్దామన్నారు, ఈసారి వెళ్లేసరికి నొప్పులే వచ్చాయి. ఆడపిల్ల. రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ మా ఇంట్లోవాళ్లెవరూ చూడలేదు, అత్తయ్య జ్వరంతో మంచం మీద, అతను పంట కోతలకు ఎక్కడో దూరాన. ఇంటికి తీసుకురాలేదు, అటునుంచి అటే. నేను ఖాళీ సంచితో బస్సు దిగితే అత్తయ్య గుమ్మంలో నిలబడి, నేను ముగ్గుర్ని పోగొట్టుకుని వీణ్ణి సాధించుకున్నానే, నువ్వు ఇద్దరికే ఇలా డీలాపడితే ఎట్లా, అంది. ఓదార్పనే అనుకుంది పాపం. సంచి నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టింది కూడా.

నిజానికి నాకు అంతకుముందే తెలిసే అవకాశం ఒకటి వచ్చింది. ఇది నర్సమ్మకు చెప్పలేదు. రెండో కాన్పుకు ముందు ఏడాది ఆవిడే పాలకేంద్రానికొచ్చి సాయంత్రం పూట మీటింగు పెట్టింది, బొమ్మల అట్టలు పట్టుకుని. ఆడవాళ్లం మూతులకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వాం. మా ఊళ్లో అలాంటివాళ్లు లేరమ్మా అని ఒకావిడ అంటే, అలాంటివాళ్లకు కాదు, పెళ్లయినవాళ్లకే చెబుతున్నాను, మీ మొగుళ్లు ఎన్ని ఊళ్లు తిరుగుతారో అన్ని ఊళ్లూ మీ మంచం మీదికి వస్తాయి, అంది ఆమె. అది కూడా జోకనుకుని నవ్వాం, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. వెళ్తూ గోడకు ఒక పోస్టరు అంటించింది, గర్భిణులు మొదటి మూడు నెలల్లో రక్తపరీక్ష చేయించుకోవాలి, భర్త కూడా, అని. మర్నాటినుంచి పాలు పోయడానికొచ్చే మగవాళ్లు అక్కడ నిలబడి చదివి ఒకళ్ల భుజం ఒకళ్లు పొడుచుకునేవాళ్లు, నావంక చూసేవాళ్లు. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు పాల వేళలు మారాయని రాసిన అట్ట ఒకటుంటే దాన్ని తెచ్చి సరిగ్గా దాని మీద మేకు కొట్టి తగిలించాను. నా చేత్తో నేనే. ఇప్పటికీ అక్కడే ఉంది ఆ అట్ట, వేళలు ఈ మధ్య రెండుసార్లు మారినా.

అతని పని కోత యంత్రం నడపడం. పంట ఎక్కడ పండితే అక్కడికి, ముందు ఒక వైపు పండుతుంది, పదిహేను రోజుల తర్వాత దాని పైవైపు, అలా పంట వెంబడే పోతూ ఉంటాడు, ఏడాదికి అయిదు నెలలు ఇంట్లో ఉండడు. స్నేహితులు గేరు అని పిలుస్తారు, ఎప్పుడూ ఒకటే గేర్లో మాట్లాడతాడని. కొట్టడు, తాగి రాడు, తాగితే ఇంటికే రాడు. వచ్చినప్పుడు మోకాళ్ల దాకా దుమ్ము, చెవుల్లో పొట్టు, ఆ రోజంతా నిద్ర. నాలుగు రోజుల క్రితం నేను విషయం చెప్పినప్పుడు యంత్రం బెల్టు విప్పి నేలమీద పరుచుకుని చూస్తున్నాడు. ఇద్దరం వేయించుకోవాలట, నేనొక్కదాన్నే వేయించుకుంటే మళ్లీ నాకు అంటుకుంటుందట, అన్నాను. అతను బెల్టు మీంచి తల ఎత్తలేదు. “నీకెక్కణ్ణుంచి వచ్చింది?” అన్నాడు. కోపంగా అనలేదు, నట్టు ఎక్కడ పడిపోయిందని అడిగినట్టు అడిగాడు. “పాలకేంద్రానికి రోజుకి వందమంది మగాళ్లు వస్తారుగా,” అన్నాడు. ఆ మాట విని నేను చేసిన పని, పొయ్యి మీద పాలు పొంగుతాయని లోపలికి వెళ్లడం. పొయ్యి మీద పాలు లేవు. అక్కడ నిలబడి లెక్క చూసుకున్నాను, ఈ మాట వీధిలోకి వెళ్తే ఎన్నాళ్లకు పాలకేంద్రం దాకా వెళ్తుంది, నా చేతి కింద పాలు పోయడానికి ఎవరొస్తారు, పుట్టింట్లో మా వదిన గుమ్మంలో ఎంతసేపు నిలబెడుతుంది. అన్నీ తేలిగ్గానే తేలాయి. కడుపులోదాని లెక్క ఒక్కటే తేలలేదు. మూడు వారాలు మూడుసార్లు వేయించుకుంటే దానికి చాలావరకు భయం లేదంది నర్సమ్మ, ఇప్పుడు అయిదో నెల, ఇంకా టైముంది అంది. చాలావరకు. ఆ మాటను ఎటు తిప్పి చూసినా రెండు అంచులూ కనబడుతున్నాయి.

పదిన్నర దాటింది. ఎడమ తుంటి మొద్దుబారింది, కుడిది ఇంకా గుచ్చుతోంది. అత్తయ్య గొంతు సవరించుకుంది, ఇక వస్తుంది అనుకున్నాను.

“ఏం సూదమ్మాయ్ అది?”

బలానికి అనొచ్చు. నర్సమ్మే అంది, ఎవరికి చెప్పాలో ఎవరికి అక్కర్లేదో నీ ఇష్టం, నా నోట్లోంచి రాదు, అని. బలానికి అంటే ఈ పూట గడుస్తుంది. సాయంత్రం అతను అడుగుతాడు, ఏం చెప్పిందమ్మా అని, ఈమె బలానికట అంటుంది, అతను నవ్వుతాడు, అప్పుడు అతను చెప్పే మాట మిగులుతుంది, నాది మిగలదు. నేను గోడ మీది శుభ్రమైన చేతుల వంక చూస్తూ చెప్పాను. పేరు చెప్పాను, రెండు పేర్లూ. ఎలా వస్తుందో చెప్పాను. నేను ఎవరి దగ్గరికీ వెళ్లలేదని చెప్పాను, ఆ మాట మాత్రం రెండుసార్లు చెప్పాను. పిల్లలు దానివల్లే పోయి ఉండొచ్చన్నారని చెప్పాను. కొడుకు నన్నేం అడిగాడో కూడా చెప్పేశాను, ఎలాగూ మొదలెట్టాను కదా అని. అంతా చెప్పి తీర్పు కోసం చూశాను. ఆమె నావైపు చూడటంలేదు. కట్టు కట్టిన పెద్దాయన కాలి వంక చూస్తోంది.

“రెండోదానికి ముక్కు గురగుర అనేదా?” అంది.

నాకు అర్థం కాలేదు. ఎవరికి అన్నాను.

“నీ రెండో పిల్లకి. పాలు తాగేటప్పుడు ముక్కు మూసుకుపోయి, గురగుర అంటూ వదిలేసేదా?”

అనేదన్నాను. ఆ చప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు. అతనికి కూడా. రెండు రోజుల పిల్లకు జలుబేమిటని నేనే అనుకుని ఊరుకున్నాను.

“అరిచేతులు పొట్టు లేచాయా, అరికాళ్లూ? ఉడకబెట్టిన దుంపమీద తోలులాగా?”

లేచాయి అత్తయ్యా అన్నాను. మీరు చూడలేదు కదా అన్నాను. ఆమె తన అరిచేతుల్ని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కూర్చుని ఉంది, ఎవరో వాటిలో ఏదో పెడతారన్నట్టు.

“ముసలి మొహం,” అంది. “పుట్టడమే ముసలి మొహంతో పుట్టాడు నా రెండో కాన్పువాడు. తొమ్మిది రోజులున్నాడు. మా అత్త నా పాలే మంచివి కావంది, పాలల్లో విషముందంది. మూడో రోజునుంచి నన్ను పాలివ్వనివ్వలేదు. పక్కగదిలో పడుకోబెట్టి గుడ్డముక్కతో చక్కెరనీళ్లు పిండేవాళ్లు. నాకు ఇక్కడ తడిసిపోయేది.” చెయ్యి ఎత్తబోయి, వరండా అని గుర్తొచ్చి దించేసింది. “ముప్పై నాలుగేళ్లు. వాడు జబ్బుతో పోయాడా ఆకలితో పోయాడా అని.”

మామగారు పశువుల సంతలు తిరిగేవారట, నేను వచ్చేసరికే పోయారు. వారాలకు వారాలు రాకపోయేవారని, వస్తే చేతినిండా ఏదో ఒకటి తెచ్చేవారని ఈమే గొప్పగా చెప్పేది. ఇప్పుడు ఆ మాట అనలేదు. నాకు వింతగా అనిపించింది ఏమిటంటే, ఆరేళ్లుగా ఒకే పొయ్యి దగ్గర వండుకున్నాం, ఆమె పోయిన పిల్లల్ని పతకాల్లా చెప్పుకునేది, నేను సంచిలో దాచుకున్నాను, ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే చప్పుడని తెలుసుకోవడానికి ఆసుపత్రి వరండాలో బెంచీ కావలసి వచ్చింది. జాలి పుట్టిందా అంటే చెప్పలేను. ఆమె తీర్పులన్నీ నాకు వరసగా గుర్తున్నాయి, ఒక్కటీ ఎగిరిపోలేదు. కానీ బెంచీ మీద నేను కొంచెం అటు జరిగాను. జరిగితే తుంటి కలుక్కుమంది.

ఆమె లేచి నర్సమ్మ గది గుమ్మంలో నిలబడింది. ఏదో అడుగుతోంది. ఈ జబ్బు కొత్తదా, అప్పుడు కూడా ఉండేదా అని. ఎప్పటినుంచో ఉందమ్మా, అని లోపలినుంచి జవాబు. ఇన్నేళ్లయినా రక్తంలో గుర్తు మిగులుతుందా అని. మిగలొచ్చు, చూద్దాం కావాలంటే, కానీ ఇప్పుడెందుకమ్మా మీకు, అంది నర్సమ్మ. “తెలుస్తుంది కదా,” అంది అత్తయ్య, పక్కింటికెళ్లి నిప్పు అడిగినంత మామూలుగా. కాసేపు కూర్చోండి, ఈ పిల్లకు మందిచ్చి పిలుస్తానంది ఆమె. అత్తయ్య కూర్చోలేదు. సెల్‌ఫోను తీసుకుని గేటు దాకా వెళ్లింది. ఇక్కణ్ణుంచి కనబడుతోంది, వినబడదు. ఆమె ఫోను చెవికి ఆనించదు, నోటి ముందు రొట్టెముక్కలా పట్టుకుని మాట్లాడుతుంది. ఖాళీ చెయ్యి మొదట ఊగింది, తర్వాత ఆగింది, తర్వాత గేటు ఊచ పట్టుకుంది. తిరిగొచ్చి కూర్చుంది, ఈసారి నా పక్కనే.

“వస్తున్నాడు. రానన్నాడు ముందు. ఒరేయ్, మీ నాన్న ఎక్కడ తిరిగొచ్చాడో నేను అడగలేదు, అడగకూడదనుకున్నాను, ముగ్గురు పోయారు. నువ్వు ఎక్కడ తిరిగావో కూడా అడగను, కానీ నీ పెళ్లాన్ని అడిగావు చూడు, ఆ నోరు మూసుకుని ఇక్కడికి రా, అన్నాను.” ఊపిరి తీసుకుంది. “పాలకేంద్రం సంగతి కూడా అన్నాను. నిలబడితే కడుపు జారదట అని.”

ఆమెకు చేతనైన క్షమాపణ అదే. నర్సమ్మ వచ్చి నా ముంజేయి తిప్పి చూసి, నాడి పట్టుకుని, బాగానే ఉన్నావు, గంట అయిపోవచ్చింది అంది. బాగానే ఉన్నానా అని నన్ను నేను తడిమి చూసుకుంటే, ఉన్నట్టే ఉంది. వచ్చే వారం ఇదే రోజు, ఆపై వారం ఇదే రోజు. పాలకేంద్రంలో సెలవు అడగాలి, కారణమేమిటంటే, కారణం ఏం రాయాలో చూడాలి. వెళ్లగానే ముందు ఆ వేళల అట్ట తీసేయాలి, కింద పోస్టరు చెదలు తినకుండా మిగిలుంటే.

పదకొండుకు మోటారు సైకిలు చప్పుడు. అతను చేతులు మోచేతుల దాకా గ్రీజుతో అలాగే వచ్చాడు, తల దించుకుని వరండా చివర నిలబడ్డాడు. నావంక చూశాడు, చూసి బెంచీ కింద చూశాడు, నట్టు అక్కడే పడిందన్నట్టు. క్షమించమని అంటాడని నేను అనుకోలేదు, అతని గేర్లలో అది లేదు, దాని సంగతి ఇంటికెళ్లాక, లేదా మూడు సూదులూ అయ్యాక, లేదా బిడ్డ చేతికొచ్చాక చూసుకుంటాను, మర్చిపోయేది మాత్రం కాదు. బెంచీకి ఆ కొసన, ఇందాక అత్తయ్య కూర్చున్నచోట కూర్చున్నాడు. అప్పుడే లోపలినుంచి రండి అని పిలుపు. అతను లేవబోయాడు. అతనికంటే ముందు ఆమె లేచింది.

“నువ్వెందుకమ్మా?” అన్నాడు.

ఆమె వినిపించుకోకుండా లోపలికి వెళ్లింది. తలుపు వేయబోతే, ఉండనీ అంది నర్సమ్మతో. నర్సమ్మ కాగితం మీద రాసుకుంటూ అడుగుతోంది, వయసెంత, జ్వరాలేమైనా వస్తున్నాయా, కాన్పులెన్ని.

“నాలుగు,” అంది అత్తయ్య. కోర్టమ్మ గొంతే, వరండా అంతా వినబడేట్టు. “ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు.”

అతను తల ఎత్తాడు. ఇద్దరు అక్కలుండేవారని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

“ఇప్పుడున్నది ఎంతమందమ్మా?”

“ఒకడు. బయట కూర్చున్నాడు. నా తర్వాత వాణ్ణి పిలవండి, వాడికి చిన్నప్పటినుంచి సూదంటే భయం, కాళ్లు నేను పట్టుకుంటాను.”

మందు తీసుకుని బయటికొచ్చి కూర్చున్న దగ్గే పిల్ల నవ్వింది. అతను నవ్వలేదు, నావంక చూశాడు. నేను లేచి, కుళాయి ఎక్కడుందో చూపించాను, గ్రీజు కడుక్కోమని.